మూత తిప్పొద్దు

గురువారం రాత్రి తొమ్మిదికి
ట్రాలీబస్సు డిపోలో అప్పజెప్పి
మంచు పడుతున్నా సరే ఓటకర్ గ్యారేజీకి వెళ్తాను.
కారు ఏనాడో అమ్మేశాడు. దాని చోట రెండు బల్లలు,
మూతి పగిలిన బీకరులో పెన్సిళ్లు,
గోడవార ఇసక బకెట్టు,
తలుపు మీద ద్రహోమీర సుద్దముక్కతో రాసిన ఒకే ఒక్క నియమం:
ఒంటరిగా ఏదీ కలపొద్దు.

మాలో ఎవరికీ పట్టాలు లేవు.
ద్రహోమీర ముప్పైఏళ్లు బడిలో పరీక్షనాళికలు కడిగింది.
ఓటకర్ రైల్వే సిగ్నళ్లు బాగుచేసేవాడు.
వోయెన్‌కి పంతొమ్మిది, పార్దుబిట్సే తేనెరొట్టెల బట్టీలో పిండి కలుపుతాడు,
చొక్కా విదిలిస్తే లవంగాల వాసన.

మా కబుర్లన్నీ పెళ్లిళ్ల పేరయ్య కబుర్లే.
ఎవరికి ఎవరు పడతారు, ఎవరి పొడ ఎవరికి గిట్టదు,
నీళ్లని చూస్తే చాలు ఎవరు భగ్గుమంటారు,
ఎవరు నూనెలో మునిగి బతుకు వెళ్లదీస్తారు.
ఇసకని సైతం తగలబెట్టే ద్రవం ఒకటుంది.
దాని పేరెత్తినప్పుడల్లా ఓటకర్
తన బకెట్టు వైపు జాలిగా చూస్తాడు.

ఒకసారి పాదరసం బొట్టు గాజుపళ్లెంలో
గుండెలా కొట్టుకుంటుంటే
వోయెన్ తన నాడి పట్టుకుని లెక్కపెట్టి
"నాకంటే నెమ్మది" అన్నాడు.
ఇంకోసారి ఒకే ద్రావణం
ఎర్రనై, నీలమై, మళ్లీ ఎర్రనై
మనసు మార్చుకుంటూనే ఉంది చాలాసేపు.
నాకు నా రూటు గుర్తొచ్చింది,
స్టేషన్ నుంచి ఆసుపత్రికి, ఆసుపత్రి నుంచి స్టేషన్‌కి.

ప్రమాదం గురించి ఓటకర్ ఉపన్యాసాలివ్వడు.
పద్నాలుగో ఏట
కిటికీలో ఆరబెట్టిన నల్లపొడి మీద ఒక ఈగ వాలింది.
అతని ఎడమచెవిని అదే పట్టుకుపోయింది.

ఫిబ్రవరిలో లుబోర్ పోయాడు. పాత మందుల షాపతను,
మా అందరికన్నా ముందు ఈ పిచ్చి పట్టినవాడు.
"మీ సీసాలు తీసుకెళ్తారా, చెత్తలో వెయ్యనా"
అని అతని భార్య యర్మిలా ఫోను చేసింది.
అట్టపెట్టెలు, పాత పేపర్లు పట్టుకుని వెళ్లాం.

దోసకాయ ఊరగాయల వెనక
మూడో వరసలో
గోధుమరంగు సీసా. సిరాపెన్నుతో రాసిన తేదీ.
లోపల ఉండాల్సిన నీళ్లు లేవు.
మూత మరల చుట్టూ నిమ్మతొక్క రంగు పొక్కులు.

రోడ్డు దగ్గర పిల్లల్ని ఆపినట్టు
ద్రహోమీర రెండు చేతులూ అడ్డంగా చాచింది.
పిక్రిక్ ఆమ్లం.
ఒకప్పుడు పట్టుబట్టలకి పసుపు అద్దిన చెయ్యి అది.
తడి ఉన్నన్నాళ్లూ కడుపులో చల్ల కదలదు.
ఎండిందా, మూత ఒక్క చుట్టు తిరిగితే చాలు.

"ఓ, అదా" అంది యర్మిలా గుమ్మంలోంచి.
"ప్రతి శనివారం దుమ్ము దులుపుతాను.
ఒకసారి గుడ్డ చుట్టి తిప్పి చూశాను కూడా,
నా బలం చాల్లేదు."

ఎవరమూ మాట్లాడలేదు. ఫ్రిజ్ ఒక్కటే గురగురమంది.
"లుబోర్ చెప్పలేదా?"
"అతను నాతో చెప్పినవే తక్కువ."

చెప్పుల్లేకుండానే ఆమెను కిందికి నడిపించాం.
పోలీసులొచ్చారు. మందపాటి దుస్తుల్లో ఒకడు
నిండుకుండ మోస్తున్న నడకతో మెట్లు దిగాడు.
లాబె నది అవతల, దున్నిన పొలంలోంచి
ఎవరో తలుపు విసురుగా వేసిన చప్పుడు.
కాకులు లేచాయి, మళ్లీ వాలాయి.
వోయెన్ కోటులో ముడుచుకుని
యర్మిలా అడిగింది: "అంతేనా?"
తర్వాత తన అరచేతులు
రెండువైపులా తిప్పి చూసుకుంది, చాలాసేపు.

ఆ రాత్రి ఇంటికెళ్లి
నిద్రపోతున్న నా భార్యని లేపాను.
బాల్కనీ అలమరాలో, పాత బూట్ల వెనక, అని మొదలుపెట్టాను.
ఆమె దీపం వేసింది.